గూని బూరె: వంకర ఎప్పటిదో అడగకుండా చేసిన వైద్యం

ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదువు అయ్యాక కొన్నేళ్ళు కైకలూరు వైపు చేపల చెరువులకు కన్సల్టెంటుగా తిరిగాను. హైదరాబాద్ వచ్చాక ఇళ్ళలో అక్వేరియాలు చూడటం మొదలైంది. చెరువు గట్టు మీద ఒక్క చేపకు వైద్యం అనే మాటే ఉండదు. నీళ్ళు చూస్తాం, మేత చూస్తాం, మందు వేస్తే చెరువు మొత్తానికి వేస్తాం. వెన్ను వంగిన బొచ్చె ఒకటీ అరా వలలో కనిపిస్తే పట్టుబడి రోజున పక్కన పడేస్తారు. అక్వేరియం దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. ఉండేవే నాలుగు చేపలు, అందులో ఒకదానికి పేరుంటుంది, ఆ పేరు పెట్టిన పిల్ల పక్కనే నిలబడి మన మొహం చూస్తూ ఉంటుంది.

ఈ కేసులో నేను దాదాపు రెండు నెలలు తప్పు దారిలో నడిచాను. ఆ దారిలో వేసిన ప్రతి అడుగూ ఆ రోజుకు సబబుగానే అనిపించింది. అందుకే ఇది రాసిపెట్టుకోవాలనిపించింది. ఇంటివాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళెవరో తెలిసే వివరాలు తీసేశాను, చేప పేరు కూడా మార్చాను. బూరె అందాం.

నేపథ్యం

బూరె ర్యూకిన్ రకం గోల్డ్ ఫిష్. ఎరుపూ తెలుపూ కలిసిన గుండ్రటి ఒళ్ళు, తల వెనక మూపు, జంట తోక. దాన్ని కొని రెండున్నరేళ్ళయింది. ఇంట్లో భార్యాభర్తలు, తొమ్మిదేళ్ళ పాప, పాప నాయనమ్మ. మూడడుగుల ట్యాంకు, నీళ్ళు సుమారు 90 లీటర్లు. బూరెతో పాటు ఇంకో ర్యూకిన్, రెండు కామెట్లు. కామెట్ అంటే సన్నగా, పొడుగు తోకతో బాణంలా దూసుకుపోయే గోల్డ్ ఫిష్.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ర్యూకిన్ లాంటి ఫ్యాన్సీ రకాలన్నీ మనిషి ఏరి ఏరి పెంచిన వంకరలే. మామూలు గోల్డ్ ఫిష్ ఒళ్ళు పొడుగ్గా ఉంటుంది. ర్యూకిన్‌లో అదే వెన్నెముకనూ అవే పేగులనూ, చేపను తేల్చి ఉంచే అదే గాలితిత్తినీ గుండ్రటి డబ్బాలో కుక్కినట్టు ఉంటుంది. బెలూన్ మోలీకైతే వంగిన వెన్నే అందం, దానికే రేటు. కాబట్టి షాపులో "డిఫెక్ట్ పీస్" అని ఒక చేపను పక్కన పెట్టినప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది.

దీపావళి వెళ్ళిన వారానికి వీళ్ళు ఇల్లు మారారు. పాత ఇంట్లో మున్సిపల్ కుళాయి నీళ్ళు, కొత్త అపార్ట్‌మెంట్లో బోరు నీళ్ళు. ట్యాంకు అదే. ఫిల్టరు మాత్రం మార్చారు. పాత చిన్న స్పాంజి ఫిల్టరు నల్లగా, జిడ్డుగా ఉందని పారేసి, షాపువాళ్ళు చెప్పారని గంటకు 1200 లీటర్లు తోడే మోటారు ఫిల్టరు పెట్టారు. ఈ ఒక్క వాక్యంలోనే కేసంతా ఉందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నేను దీన్ని నోట్‌బుక్‌లో రెండో పేజీలో, మూలకు రాసుకున్నాను.

సమస్య

డిసెంబరు మూడో వారంలో పాప తల్లి ఫోన్ చేశారు. "సార్, మా చేపకు వెన్ను వంగిపోయింది. పక్షవాతం వచ్చినట్టు అడుగున పడి ఉంటోంది. మూడు వారాలైంది."

నోట్‌బుక్‌లో మొదటి లైను ఇలా రాశాను: "వెన్ను వంగింది, 3 వారాలు." ఆవిడ చెప్పిన మూడు వారాలు అడుగున పడి ఉండటానికి. నేను దాన్ని వెన్నుకు కలిపేశాను. ఆ లైను మళ్ళీ చదువుకుని ప్రశ్నించుకునేసరికి ఫిబ్రవరి వచ్చింది.

వెళ్ళి చూస్తే బూరె ట్యాంకు మూలలో, గులకరాళ్ళ మీద పొట్ట ఆనించి ఉంది. పక్క నుంచి చూస్తే వెన్ను మధ్య దాకా బాగానే వచ్చి, అక్కడ పలకలాగా కిందికి విరిగినట్టు దిగింది. పై నుంచి చూస్తే తోక కొంచెం ఎడమకు తిరిగి ఉంది. పొట్ట కింద రూపాయి బిళ్ళలో సగం ఉండే ఎర్రటి పుండు. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. వేలు అద్దం మీద పెడితే కళ్ళు తిప్పింది కానీ లేవలేదు.

నేను వెళ్ళేలోపే షాపు వైద్యం రెండు విడతలు జరిగింది. ముందు మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు మందు. తర్వాత మెడికల్ షాపులో దొరికే టెట్రాసైక్లిన్ క్యాప్సూల్ విప్పి నీళ్ళలో కలపడం. టెట్రాసైక్లిన్ కాల్షియంతో ముడిపడిపోతుంది. బోరు నీళ్ళంత గట్టి నీళ్ళలో కలిపితే చేపలోకి వెళ్ళేది చాలా తక్కువ. ఫలితం లేకపోగా ఫిల్టరులో అప్పుడప్పుడే పెరుగుతున్న మంచి బాక్టీరియా కొంత దెబ్బ తిని ఉంటుంది.

మొదటి రోజు నా లెక్క

నీళ్ళు పరీక్షించాను. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా 1 పీపీఎం (లీటరుకు 1 మిల్లీగ్రాము), నైట్రైట్ 0.5, పీహెచ్ 8.2. ఇది ఊహించిందే. పాత స్పాంజితో పాటు అమ్మోనియాను మార్చే బాక్టీరియాను కూడా చెత్తబుట్టలో వేశారు. పీహెచ్ 8 దాటిన నీళ్ళలో అమ్మోనియా విషం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. రోజూ 30 శాతం నీళ్ళు మార్చమన్నాను. బోరు నీళ్ళను ముందు రాత్రే బకెట్లలో పట్టి, ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టి ఉంచి వాడమన్నాను. నేల లోపల నుంచి వచ్చే నీళ్ళలో ఆక్సిజన్ తక్కువగా ఉండొచ్చు, వేడి కూడా ట్యాంకుతో కలవదు.

నీళ్ళ సంగతి అక్కడితో సరిపెట్టి వెన్ను వైపు వెళ్ళాను. మూడు వారాల్లో వెన్ను వంగిందంటే కారణాలు కొన్నే ఉంటాయి. దెబ్బ తగలడం. నీళ్ళలోకి కరెంటు లీకై ఒక్కసారిగా కండరాలు బిగుసుకుని వెన్ను విరగడం. చేపలకు పట్టే పేనుకు వేసే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఎక్కువ కావడం. చాలాకాలం విటమిన్ సి లేని మేత. ఆఖరుది చేపల టీబీ, అంటే మైకోబాక్టీరియా. టెస్టర్ పెట్టి మోటారు చూశాను, లీకు లేదు. పేను మందు వాడలేదన్నారు. మేత డబ్బా కొత్తదే. చేప చిక్కింది, వెన్ను వంగింది, పుండుంది. మూడూ కలిపితే నా బుర్ర టీబీ దగ్గర ఆగింది.

చేపల టీబీ మనుషుల చేతి గాట్లలోకి కూడా ఎక్కి మొండి కురుపులు తెస్తుంది. అందుకని పాపను ట్యాంకులో చెయ్యి పెట్టొద్దన్నాను, పెద్దవాళ్ళను గ్లవ్స్ వేసుకోమన్నాను. ఈ సలహా మీద నాకు ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు, చేతికి గీతలున్నవాళ్ళు ఏ అక్వేరియంలోనైనా గ్లవ్స్‌తోనే దిగాలి. కానీ "టీబీ" అన్న మాట నోటి నుంచి వచ్చాక ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బూరెను వేరే టబ్బులోకి మార్చాం.

టబ్బులో కోలుకోవడం

అది 20 లీటర్ల తెల్ల ప్లాస్టిక్ టబ్బు. ఒక ఎయిర్ స్టోన్. లీటరుకు 3 గ్రాముల లెక్కన 60 గ్రాముల కల్లుప్పు. ఫిల్టరు లేదు కాబట్టి రోజూ సగం నీళ్ళు మార్చి, తీసిన నీళ్ళకు సరిపడా 30 గ్రాముల ఉప్పు మళ్ళీ కలపాలి. నీళ్ళ లోతు జానెడు. మునిగే గుళికలు నానబెట్టి పొద్దునా సాయంత్రం నాలుగేసి వేయమన్నాను.

మూడో రోజు పాప తల్లి వీడియో పంపారు. బూరె తింటోంది. తోక కిందికి వాలి, కుంటుతున్నట్టే ఉన్నా టబ్బంతా తిరుగుతోంది. తొమ్మిదో రోజుకు పుండు చుట్టూ ఎరుపు తగ్గింది. ట్యాంకులో అమ్మోనియా కూడా దిగి వచ్చింది. ఉప్పు పనిచేసిందనుకున్నాను. వాళ్ళతో అదే అన్నాను. జనవరి ఒకటిన తిరిగి ట్యాంకులో వదిలాం.

నాలుగో రోజుకు మళ్ళీ అదే మూల, అవే గులకరాళ్ళు.

మళ్ళీ టబ్బు, మళ్ళీ ఉప్పు, మళ్ళీ కోలుకుంది. దీన్ని నేను "ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతోంది" అని చదివాను. ట్యాంకులోకి వెళ్తే పడిపోయి టబ్బులోకి వస్తే లేస్తుంటే, ఆ రెంటికీ తేడా ఏమిటని చూడాలి. తేడాలు కనీసం అయిదున్నాయి: ఉప్పు, లోతు, నీటి వేగం, తోటి చేపలు, మేత పడే చోటు. నేను ఉప్పును మాత్రమే లెక్కపెట్టాను. ఎందుకంటే నేను వేసింది అదొక్కటే. మిగతా నాలుగూ టబ్బుతో పాటు వాటంతట అవే వచ్చాయి, అందుకని కంటికి ఆనలేదు. చెరువుల దగ్గర ఒకే రోజు సున్నం వేసి, ఏరేటర్ తిప్పి, ప్రోబయోటిక్ చల్లి, చేప కోలుకున్నాక ఘనత ప్రోబయోటిక్ కంపెనీకి ఇచ్చే రైతును నేనే ఎన్నోసార్లు ఆటపట్టించాను.

ఉపవాసం

రెండోసారి ట్యాంకులోకి వదిలాక, పాత మూలకు చేరినప్పుడు, నా అనుమానం గాలితిత్తి మీదికి వెళ్ళింది. గోల్డ్ ఫిష్ గాలితిత్తికి రెండు గదులుంటాయి, అన్నవాహికతో సన్నటి గొట్టం ద్వారా కలిసి ఉంటుంది. మలబద్ధకం వచ్చి పేగు ఉబ్బితే గాలితిత్తి మీద ఒత్తిడి పడి చేప అదుపు తప్పుతుందని అందరికీ తెలిసిన వైద్యమే ఉంది: మూడు రోజులు పస్తు, తర్వాత పొట్టు తీసి ఉడికించిన బఠాణీ. అది సంక్రాంతి వారం. నాయనమ్మ గారు తలుపు దగ్గరే నన్ను ఆపారు.

"పండగ పూట దానికి ఉపవాసం ఏమిటి బాబూ? ఏకాదశి ఉండేదాన్ని నేను ఉన్నానుగా."

ఆవిడ సరదాగానే అన్నారు కానీ ఆ మాట వినాల్సింది. పస్తు పెట్టేముందు చేపను పై నుంచి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న గోల్డ్ ఫిష్ పై నుంచి కోడిగుడ్డులా ఉంటుంది, తల తర్వాతే ఒళ్ళు వెడల్పవుతుంది. బూరెకు తలే వెడల్పు, దాని వెనక నుంచి సన్నబడుతూ పోయింది. అంటే అప్పటికే వారాల తరబడి సరిగ్గా తినడం లేదు. అలాంటిదానికి మూడు రోజులు పస్తు రాశాను. నాలుగో రోజు బఠాణీ వేస్తే కామెట్లు తిన్నాయి.

బెల్టు

ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది. తేలలేని గోల్డ్ ఫిష్‌కు ఎయిర్ పైపు ముక్కతో చక్రం చేసి, పైన బెండు కట్టి తేల్చే వీడియోలు మీరూ చూసే ఉంటారు. జనవరి చివర పాప అలాంటిదొకటి చూపించి, "అంకుల్, మన బూరెకు కూడా చేద్దామా?" అంది. పాప ముందు కాదనలేకపోయాను. నాకూ చేసి చూడాలనే ఉంది, నిజం చెప్పాలంటే.

మెత్తటి వల గుడ్డతో పట్టీ, ఎయిర్ పైపు ముక్క, పైన థర్మోకోల్. చేప మరీ పైకి తేలకుండా థర్మోకోల్‌ను బ్లేడుతో కొంచెం కొంచెం గీస్తూ బరువు సరిచేశాం. ఒకటిన్నర రోజు బూరె నీళ్ళ మధ్యలో నిటారుగా నిలబడింది. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. రెండో రోజు సాయంత్రానికి పట్టీ కింద జిగురు పొర లేచిపోయింది. మూడో రోజు పొద్దున నాలుగు పొలుసులు ఊడి, ఆ చోట దూది పెట్టినట్టు బూజు కనిపించింది. వెంటనే తీసేశాం.

చేప ఒంటి మీద ఉండే జిగురే దానికి మొదటి చర్మం. దాని మీద రాత్రింబవళ్ళు గుడ్డ రుద్దితే ఏమవుతుందో ఫిషరీస్ చదివినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాలితిత్తి పాడై అసలు కదలలేని చేపకు, గంటా రెండు గంటలు, మనిషి పక్కనుండగా అంటే ఇంకా ఆలోచించవచ్చు. కదిలే చేపకు కట్టి వదిలేయడం తప్పు. ఈ కేసులో నేను చేసిన పనుల్లో బూరెకు నేరుగా గాయం చేసింది ఇదొక్కటే.

ఆ రాత్రి పాప తల్లి విడిగా ఫోన్ చేశారు. "సార్, దాన్ని ఇంకా బాధపెట్టడం ఎందుకు? నొప్పి లేకుండా పంపించే పద్ధతి ఏదో ఉంటుందటగా?"

ఉంది. అడిగినందుకు నేనేమీ అనుకోలేదు, అది అడగాల్సిన ప్రశ్నే. కానీ జవాబు నా అలసటను బట్టో ఆవిడ అలసటను బట్టో ఉండకూడదనిపించింది. నాలుగు గుర్తులు పెట్టుకుందామన్నాను: తినడం, మనిషి దగ్గరికి వస్తే స్పందించడం, తనంతట తాను చోటు మారడం, పుండు ముదరకపోవడం. వంటింట్లో గోడకున్న తెలుగు క్యాలెండర్ మీద, నాయనమ్మ గారి ఏకాదశి గుర్తుల పక్కనే, పాప రోజూ నాలుగు టిక్కులు పెట్టాలి. వరసగా వారం రోజులు రెండుకు మించి టిక్కులు పడకపోతే అప్పుడు మాట్లాడుకుందాం. బూరె మళ్ళీ టబ్బులో ఉంది. ఆ వారం చాలా రోజులు మూడు పడ్డాయి. పుండు టిక్కు ఒక్కటే ఊగిసలాడింది.

ఎక్స్‌రే, తర్వాత ఫోన్

ఫిబ్రవరి మొదటి వారంలో కుక్కలకూ పిల్లులకూ వైద్యం చేసే ఒక స్నేహితుడి దగ్గర డిజిటల్ ఎక్స్‌రే తీయించాం. చేపను లవంగ నూనె కలిపిన నీళ్ళలో మత్తులోకి తెచ్చి, తడి ప్లాస్టిక్ కవరు మీద పక్కకు పడుకోబెట్టి, అర నిమిషంలోపు పని ముగించి మంచి నీళ్ళలోకి వదలాలి. మోతాదు కావాలనే ఇక్కడ రాయడం లేదు. చెయ్యి కాస్త ఎక్కువైతే చేప మళ్ళీ లేవదు. మత్తులో ఉండగానే బెల్టు గాయం మీద పల్చటి పోవిడోన్ అయోడిన్ దూదితో అద్దాం, మొప్పల వైపు పోకుండా.

చేప ఎక్స్‌రేలో గాలితిత్తి చక్కగా కనిపిస్తుంది. గాలి కదా, నల్లటి బుడగలా ఉంటుంది. బూరెకు ముందు గది బాగుంది. వెనక గది బఠాణీ గింజంత చిన్నది, పైగా కిందికి వాలి ఉంది. వంపు దగ్గర మూడు వెన్నుపూసలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. విరిగిన గీత లేదు, ఎముక కరిగిన మచ్చ లేదు. అంచులు నదిలో రాయిలా నున్నగా ఉన్నాయి.

నా స్నేహితుడు స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇది నిన్నా మొన్నటిది కాదు. కుక్కపిల్లలో ఇలా చూస్తే పుట్టుకతోనే వచ్చిందంటాను" అన్నాడు.

చేపను దింపడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పాప తల్లిని పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగాను. చేపకని తీసినవి లేవన్నారు. సోఫాలో కూర్చుని గ్యాలరీ పైకి తోస్తూ పోయారు. స్కూల్ యాన్యువల్ డే, తిరుపతి, ఎవరిదో గృహప్రవేశం. చివరికి పాప ఏడో పుట్టినరోజు దగ్గర ఆగారు. ముందు కేకు, వెనక టేబుల్ మీద ట్యాంకు. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే బెలూను పక్కన బూరె. మూపు, మధ్యలో విరుపు, కిందికి దిగిన తోక. ఈ రోజు ఎలా ఉందో అచ్చంగా అలాగే. రెండేళ్ళ నాటి ఫోటో అది.

పాప వెనక నుంచి వచ్చి, తల్లి భుజం మీదుగా తొంగి చూసి, "బూరెగాడు ఎప్పుడూ వంకరే కదమ్మా. అందుకే కదా నేను వాడినే కొనిపించుకున్నా" అంది.

రెండు నెలలుగా నేను ఆ ఇంటికి వెళ్తున్నాను. ట్యాంకు ముందు రోజుకు గంటసేపు కూర్చునే మనిషి ఆ పాప ఒక్కతే. ఆమెను నేనొక్క ప్రశ్నా అడగలేదు. తల్లి అబద్ధం చెప్పలేదు. ఈదే చేప వెన్నును ఎవరూ పరీక్షగా చూడరు. అడుగున కదలకుండా పడి ఉన్నాకే వంకర కంట్లో పడుతుంది, అప్పుడే వచ్చిందనిపిస్తుంది.

ఒక్కొక్కటిగా

వెన్ను పాతదైతే జబ్బు వెన్నులో లేదు. రెండేళ్ళు ఆ వెన్నుతోనే ఈది, తిని, పెరిగిన చేప నవంబరు తర్వాతే ఎందుకు పడిపోయింది? ఈసారి ఒక్కో తేడాను విడదీసి చూశాను.

ముందు టబ్బులో ఉప్పు ఆపేశాం. నాలుగు రోజులు. బూరె మామూలుగానే తింది. ఉప్పు ఘనత పోయింది. తర్వాత అదే టబ్బులో చిన్న మోటారు పెట్టి నీళ్ళు తిప్పాం. మొదటి రోజు ప్రవాహానికి ఎదురు నిలబడటానికి గట్టిగా ప్రయత్నించింది. రెండో రోజు మధ్యాహ్నానికి గోడకు ఆనుకుని కిందికి జారింది. అక్కడితో ఆ పరీక్ష ఆపేశాను. ఇంకో రోజు పొడిగిస్తే నాకు కొత్తగా తెలిసేదేమీ లేదు. తర్వాత పెద్ద ట్యాంకులో మోటారు ఫిల్టరు తీసేసి స్పాంజి ఫిల్టరు పెట్టి బూరెను వదిలాం. ఈసారి ఈదింది. కానీ మేత వేస్తే బూరె సగం దూరం వచ్చేసరికి కామెట్లు ఊడ్చేశాయి.

ఇక లెక్క తేలింది. వెనక గది చిన్నది కావడంతో బూరె తోక ఎప్పుడూ కిందికి లాగుతుంటుంది. ఒళ్ళు సమంగా నిలబెట్టుకోవాలంటే తోక ఆడిస్తూనే ఉండాలి. తోక ఎడమకు తిరిగి ఉంది కాబట్టి కొట్టిన ప్రతిసారీ కొంత బలం పక్కకు పోతుంది. నిలకడ నీళ్ళలో ఆ ఖర్చును రెండేళ్ళు భరించింది. 90 లీటర్ల ట్యాంకును గంటకు 13 సార్లు తిప్పే మోటారు ముందు భరించలేకపోయింది. అలసి కిందికి దిగింది. దిగాక తేలే గుళికలు అందలేదు. అందక చిక్కింది, చిక్కి ఇంకా అలసింది. గరుకు రాళ్ళ మీద పొట్ట రాసుకుని పుండు పడింది. మొదటి వారాల అమ్మోనియా దీనికి తోడైంది.

టీబీ లేదని నేను ఇప్పటికీ ప్రమాణం చేయలేను. బతికున్న చేపలో దాన్ని తేల్చడం కష్టం. కానీ రెండేళ్ళుగా మారని వంపు, ఆరోగ్యంగా ఉన్న తోటి చేపలు, మేత అందగానే ఒళ్ళు చేయడం, ఇవన్నీ టీబీకి ఎదురు సాక్ష్యాలు. గ్లవ్స్ మాత్రం కొనసాగించమన్నాను.

ట్యాంకులో చేసిన మార్పులు

మోటారు ఫిల్టరు శాశ్వతంగా పోయింది. దాని స్థానంలో ఎయిర్ పంపుతో నడిచే రెండు స్పాంజి ఫిల్టర్లు చెరో మూలా పెట్టాం. రెండెందుకంటే ఒకదాన్ని కడిగిన వారం రెండోదాన్ని ముట్టుకోం, బాక్టీరియా మిగిలి ఉంటుంది. కడగడం కూడా కుళాయి కింద కాదు, ట్యాంకులోంచి తీసిన నీళ్ళ బకెట్లోనే పిండాలి. గులకరాళ్ళన్నీ తీసేశాం. అడుగు ఉత్త అద్దం. చూడటానికి బోసిగా ఉంటుందని పాప తండ్రి కొంచెం నసిగారు కానీ పుండు మానాలంటే తప్పదన్నాను. నీళ్ళ లోతు పది అంగుళాలకు దించాం. ఇందులో ఒక చిక్కుంది: లోతు తగ్గితే నీళ్ళూ తగ్గుతాయి, మురికి తొందరగా చిక్కబడుతుంది. అందుకని వారానికి రెండుసార్లు 30 శాతం మార్చాలి.

కామెట్లు రెండూ పెద్ద సిమెంటు తొట్టి ఉన్న వాళ్ళ బంధువుల ఇంటికి వెళ్ళాయి. చెరువులో వదిలేద్దామని పాప తండ్రి అంటే గట్టిగా వద్దన్నాను. గోల్డ్ ఫిష్ మన చెరువుల చేప కాదు. బతికితే అక్కడి చేపలకు ఇబ్బంది, చస్తే దీనికి.

మేత దగ్గర అసలు తిప్పలు వచ్చాయి. మునిగి, ఒకేచోట పడి ఉండి, నీళ్ళు పాడుచేయని మెత్తటి మేత కావాలి. మామూలుగా నేను రొయ్యల ముద్దతో చేయిస్తాను. అది శాకాహారుల ఇల్లు, నాయనమ్మ గారి వంటిల్లు. రొయ్య అన్న మాట పూర్తి కాకముందే ఆవిడ లేచి వెళ్ళిపోయారు. అందుకని ఉన్న మేత గుళికలనే మిక్సీలో పొడి చేసి (పాత మిక్సీ, బాల్కనీలో), ఉడికించిన బఠాణీ, పాలకూర కలిపి, చైనా గ్రాస్‌తో గడ్డకట్టించాం. చైనా గ్రాస్‌ను బాగా మరిగించాలి, అది గోరువెచ్చగా అయ్యాకే విటమిన్ సి పొడి కలపాలి. వేడిలో విటమిన్ సి నిలవదు. ముక్కలు కోసి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. గుళికల్లో చేపపొడి ఉంటుందని కోడలికి తెలుసు. "అత్తయ్యకు చెప్పకండి సార్" అన్నారు. నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

వడ్డన ఒక మట్టి మూకుట్లో. దాన్ని ట్యాంకు అడుగున ఒకే చోట ఉంచి, రోజుకు మూడుసార్లు ఐస్‌క్రీమ్ పుల్ల చివర ముక్క గుచ్చి పాప అందులో పెడుతుంది. మొదటి రెండు రోజులు బూరె మూకుడు చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. మూడో రోజు పుల్ల నీళ్ళను తాకగానే మూకుడు వైపు బయల్దేరింది, తోక ఈడ్చుకుంటూ, పడవ చివర బరువెక్కినట్టు.

శివరాత్రి నాటికి పొట్ట పుండు ఎండింది. మరో మూడు వారాలకు బెల్టు గాయం మీద కొత్త పొలుసులు, కొంచెం రంగు తక్కువగా, వచ్చాయి. క్యాలెండర్ మీద నాలుగేసి టిక్కులు.

నా పనిలో మారినవి

ఈ కేసు తర్వాత వంకర చేప ఎక్కడ కనిపించినా మొదట పాత ఫోటో అడుగుతున్నాను. ఇల్లాలి మాటకు ముందు పిల్లలను అడుగుతున్నాను. నోట్‌బుక్‌లో రెండు తేదీలు విడివిడిగా రాస్తున్నాను: వంకర ఎప్పటిది, ఇబ్బంది ఎప్పటిది. రెండూ ఒకటే అయితే టీబీ, దెబ్బ, కరెంటు, మందులు. వేరైతే ఆ రెండో తేదీకి ముందు ఇంట్లో ఏం మారిందన్నది చూడాలి.

టబ్బులోకి మార్చగానే కోలుకున్న చేపను చూసి ఇప్పుడు మందును మెచ్చుకోను. వెనక్కి పంపేముందు ఉప్పు ఆపేసి అదే టబ్బులో నాలుగు రోజులు ఉంచుతాను. చేపను పై నుంచి చూడకుండా పస్తు రాయను. ఇక బెల్టు వీడియో చూపించే పిల్లలకు బూరె గాయం ఫోటో చూపిస్తున్నాను. చూసి ఇక అడగడం లేదు.

ఇప్పుడు

పది నెలలు దాటింది. వెన్ను అలాగే ఉంది, అలాగే ఉంటుంది. బూరె గంటలో చాలాసేపు మూకుడు పక్కనే పడుకుంటుంది, లేచి ఒక చుట్టు తిరిగి మళ్ళీ వస్తుంది. మే నెలలో ఒకసారి నీళ్ళు 32 డిగ్రీలకు పోయి, పైకి వచ్చి గాలి మింగడం మొదలుపెడితే అందరూ కంగారుపడ్డారు. ఎయిర్ పంపు ఇంకోటి పెట్టి, లైటు ఆపి, నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చమన్నాను. రెండు రోజుల్లో సర్దుకుంది.

మొన్న వెళ్ళినప్పుడు ఒక విషయం అడిగాను. ఎప్పటికైనా బూరె పోతే నన్ను పిలవండి, లోపల చూస్తే టీబీ సంగతి తేలుతుంది. అయితే డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గడ్డకడితే కణాలు చితికిపోయి ఏమీ కనిపించదు. కవరులో కట్టి మామూలు ఫ్రిజ్‌లో ఉంచండి అన్నాను. పాప గదిలో లేనప్పుడే అడిగాను.

వంటింట్లోంచి నాయనమ్మ గారు వచ్చారు. "ఫ్రిజ్‌లోనా? కోడిగుడ్డే రాని ఫ్రిజ్ బాబూ అది."

కోడలు నా వైపు చూసి తల వంచుకున్నారు. చివరికి ఒప్పందం ఏమిటంటే, వాళ్ళు ఫోన్ చేస్తారు, ఐస్ పెట్టె నేనే తెచ్చుకోవాలి.